కొలపాత్ర లేని లెక్క

ప్రతి సంవత్సరమును మన పాఠశాలలలో బాలబాలికలు ద్రవపరిమాణముల పట్టికను వల్లించుచున్నారు. పది మిల్లీలీటరులు ఒక సెంటీలీటరు. పది సెంటీలీటరులు ఒక డెసీలీటరు. పది డెసీలీటరులు ఒక లీటరు. అటుపై డెకాలీటరు, హెక్టోలీటరు, కిలోలీటరు. ఈ మెట్లను ఎక్కుటకు పదిచే భాగింపవలెననియు, దిగుటకు పదిచే గుణింపవలెననియు వారెరుగుదురు. పరీక్షయందు ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకొనువారు పెక్కుమంది గలరు. అయినను వారిలో ఒకనిని పిలిచి, ఒక బిందెను చూపి, దీనిలో ఎన్ని లీటరుల నీరు పట్టునని యడిగినచో తడుముకొనక చెప్పగలవారు మిక్కిలి తక్కువ. లెక్క వచ్చినది గాని కొలత రాలేదు. ఈ లోపమును గూర్చియే మేమీ వ్యాసమున కొంత విన్నవింపదలచితిమి.

మా అభిప్రాయమును మొదటనే చెప్పెదము. ద్రవమానముల మార్పిడిని నల్లబల్లకంటె ముందు కొలపాత్రతో నేర్పవలెను. పాత్రను కన్నులార చూచి, నీటిని చేతులార పోసి, దాని బరువును తూచిన పిమ్మట వచ్చిన అంకె మనస్సున నిలుచును. అట్లు గాక కంఠపాఠముగా వచ్చిన అంకెలో ఒక సున్న జారిపోయినను బాలునికి తెలియదు. ఆ జారిన సున్న పరీక్షలో ఒక మార్కును మాత్రమే హరించును. రోగి పడకయొద్దను, చేనిలోను, పాలకేంద్రము కడను అది హరించునది అంతకంటె విలువైనది.

మన తాతల నాడు లీటరు లేదు. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అనునవి వారి కొలతలు. రెండు గిద్దలు అరసోల, రెండరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. ఇట్లు ప్రతి మెట్టును దాని క్రింది మెట్టునకు ఇబ్బడి. ఈ పద్ధతిలో ఒక గొప్ప గుణము గలదు. కొలత మొదట పాత్ర, తరువాత పేరు, ఆ తరువాత లెక్క. నూనెను సోలతో కొలుచు ఇల్లాలికి సోల యనగా నెంతయో బడికి పోకయే తెలియును. రెండు సోలలు పోసిన తవ్వ నిండుట ఆమె కన్నులారా చూచినదే గాని పట్టికలో చదివినది కాదు.

అయితే ఆ పద్ధతిలో దోషమును గలదు. ఒక యూరి మానిక వేరొక యూరి మానికకు సరిగా నుండదు. కొనునపుడొక పాత్రయు అమ్మునపుడొక పాత్రయు వాడగలవానికి అడ్డు చెప్పు ప్రమాణము లేదు. అట్టి చోట నష్టపోవువాడు ఎల్లప్పుడును బీదవాడే. కావున పాతకొలతలు తిరిగి రావలెనని మేము కోరుట లేదు.

ఆ దోషమును తీర్చుటకే మెట్రిక్ పద్ధతి వచ్చినది. 1795లో ఫ్రాన్సు దేశమున లీటరునకు నిర్వచనము ఏర్పడెను. పొడవును వెడల్పును లోతును పదేసి సెంటీమీటరులుగా గల పెట్టెలో పట్టునంత ద్రవము ఒక లీటరు. 1901లో శాస్త్రజ్ఞులు ఈ నిర్వచనమును మార్చి, ఒక కిలోగ్రాము శుద్ధజలము ఆక్రమించు స్థలమే లీటరనిరి. తరువాత సూక్ష్మముగా కొలిచి చూడగా ఈ రెండు లీటరులకును 28 ఘన మిల్లీమీటరుల భేదము కనబడెను. అది ఒక నీటిబొట్టులో సగము. ఆ సగము బొట్టు భేదమును సహింపక 1964లో మరల మొదటి పెట్టె నిర్వచనమునే స్థిరపరచిరి. కొలతయందు ఎంతటి శ్రద్ధ వలయునో తెలియుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

మన దేశమున తూనికలు కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చెను. ఆ సంవత్సరముననే నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రములోని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరు మొదలుకొని కిలోగ్రామును, ఆ పిమ్మట దశలవారీగా తక్కిన కొలతలును అమలునకు వచ్చినవి. నేడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. కొడకండ్ల అంగడిలోని లీటరును పారిసు నగరములోని లీటరును ఒక్కటే యగుట సామాన్యమైన లాభము కాదు. అయితే ఆ న్యాయము వచ్చునపుడు మన బడి చేతిలోని పాత్ర జారిపోయినది. లీటరు మన బాలురకు పుస్తకములోని మాటగా పరిచయమగుచున్నది.

ఇందువలన కలుగు తప్పులలో మొదటిది దశాంశ బిందువును గూర్చినది. మూడు లీటరుల ఏబది మిల్లీలీటరులను లీటరులలో వ్రాయుమనిన 3.50 అని వ్రాయు విద్యార్థులు ప్రతి తరగతిలోను గలరు. అది 3.050 కావలెను. 3.50 అనగా మూడు లీటరుల ఐదువందల మిల్లీలీటరులు. ఈ తప్పునకు మూలము బాలుని మందబుద్ధి కాదు, రూపాయి. రూపాయికి నూరు పైసలు గనుక మూడు రూపాయల ఏబది పైసలు 3.50 అని వ్రాయుట వానికి అలవాటు. లీటరునకు వేయి మిల్లీలీటరులు గనుక బిందువు తరువాత మూడు స్థానములు వలయునని వాని చేతికి తెలియదు. ఏబది మిల్లీలీటరుల నీటిని ఒక చిన్న గిన్నెలోను, అరలీటరు నీటిని ఒక చెంబులోను పోసి ప్రక్కప్రక్కన నుంచి చూపిన గురువు ఈ తప్పును ఒక్క గడియలో మాన్పింపగలడు. నూరు లెక్కలు చేయించినను ఆ ఫలము కలుగుట కష్టము.

ఇక ఇంటికి రండు. చంటిబిడ్డకు జ్వరము వచ్చినపుడు ఇచ్చు పారసిటమాల్ మందు అంగడిలో పలు విధములుగా దొరకును. చుక్కల మందులో సామాన్యముగా ఒక మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల ఔషధముండును. సిరపులలో ఒక రకమునందు 5 మిల్లీలీటరులకు 120 మిల్లీగ్రాములును, వేరొక రకమునందు 5 మిల్లీలీటరులకు 250 మిల్లీగ్రాములును ఉండును. ఎనిమిది కిలోల బిడ్డకు వైద్యుడు 120 మిల్లీగ్రాములు వ్రాసెననుకొందము. మొదటి సిరపైనచో 5 మిల్లీలీటరులు, రెండవదైనచో 2.4, చుక్కల మందైనచో 1.2 మాత్రమే. చుక్కల సీసాయే చిన్నదికదా యని దానిని సిరపువలె 5 మిల్లీలీటరులు పట్టించినచో బిడ్డకు 500 మిల్లీగ్రాములు చేరును. అది నాలుగు మోతాదులకు మించినది. కాలేయమునకు హాని చేయగలది. తల్లికి ప్రేమ లేక కాదు. సీసాపై చీటిలోని రెండంకెలకు గల సంబంధమును ఆమెకెవరును నేర్పలేదు. చెంచా యనిన 5 మిల్లీలీటరులని మందుల లెక్క. ఇంటి చెంచాలు ఆ లెక్కకు లోబడవు. కావున సీసాతో వచ్చిన కొలమూతనో సూది లేని సిరంజినో వాడవలెనని ప్రతి విద్యార్థియు ఇంట చెప్పగలిగియుండవలెను.

విరేచనములకిచ్చు ఓ.ఆర్.ఎస్. పొడి విషయమును ఇట్టిదే. 1971లో బంగాళాదేశ శరణార్థులు బన్‌గావ్ శిబిరమున కలరాతో తల్లడిల్లినపుడు వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని త్రాగించి ఎందరి ప్రాణములనో నిలిపెను. ఆ నీటి మహిమ అంతయు పాళ్లలోనే యున్నది. నేటి పెద్ద పొట్లములో సుమారు 20.5 గ్రాముల పొడి యుండును. దానిని ఒక లీటరు నీటిలో కలుపవలెను. 200 మిల్లీలీటరులలో కలుపదగిన చిన్న పొట్లములును గలవు. పెద్ద పొట్లమును గ్లాసెడు నీటిలో కలిపినచో ద్రావణము ఐదింతలు చిక్కనై, మేలునకు బదులు కీడు చేయును. చిన్న పొట్లమును లీటరులో కలిపినచో ఐదవ వంతు పలుచనై పని చేయకపోవును. ఇచట కావలసిన గణితము వేయిని రెండువందలచే భాగించుట మాత్రమే. కావలసిన రెండవ వస్తువు, ఇంటిలో లీటరు పట్టు పాత్ర యేదో తెలిసియుండుట.

ఇంటినుండి చేనికి పోవుదము. మన ప్రాంతమున ప్రత్తి పైరునకు మందు కొట్టని రైతు అరుదు. లీటరు నీటికి 5 మిల్లీలీటరుల వేపనూనె కలుపుమని చెప్పినచో, 16 లీటరుల పంపునకు 80 మిల్లీలీటరులు కావలెను. 10 లీటరుల పంపునకు 50 చాలును. ఎకరమునకు 200 లీటరుల ద్రావణము పట్టినచో మొత్తము 1,000 మిల్లీలీటరులు, అనగా ఒక లీటరు వేపనూనె. ఇంత సులభమైన లెక్కకు బదులుగా పంపునకు రెండు మూతలని అంచనా వేయుట వాడుకయైనది. సీసా మారిన మూతయు మారును. పంపు మారిన నీరును మారును. వేపనూనెయందు పొరపాటు పడినచో నష్టము స్వల్పము. అదే కొలతతో ఘోరమైన విషములను కలిపినచో? 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తిచేలలో మందు కొట్టుచు విషము సోకి దాదాపు ఇరువదిమంది మృతినొందిరి. దానికి కొలత యొక్కటియే కారణమని మేమనము. ముఖమునకు గుడ్డ లేకపోవుట, పలు మందులను కలిపి కొట్టుట మున్నగునవియు గలవు. కాని విషమును చేతబట్టువానికి మిల్లీలీటరనగా నెంతయో తెలియకుండుట ఏ విధమునను క్షేమము కాదు.

మన కొడకండ్ల నేతపనివారికిని ఈ విద్య వలయును. నూలునకు రంగు వేయువారు నిన్న వేసిన ఛాయయే నేడును రావలెనన్నచో రంగుపొడికిని నీటికిని గల పాలు మారరాదు. కన్నుతో చూచి కలుపు నేర్పు కొందరు వృద్ధులకు గలదు. కొలిచి కలుపు నేర్పు అందరికిని రాగలదు.

ఇక లీటరునకును కిలోగ్రామునకును గల సంబంధము. నీరు లీటరునకు కిలోగ్రాము తూగుననుట అందరెరిగినదే. దానినుండి సకల ద్రవములును అంతే తూగునని భ్రమించుట రెండవ పెద్ద తప్పు. పాలు లీటరునకు సుమారు 1.03 కిలోగ్రాములు తూగును. పది లీటరుల పాలు 10.3 కిలోలు. ధరను కిలోకు నిర్ణయించి, పాలను పాత్రతో కొలిచి, పది లీటరులను పది కిలోలుగా వ్రాసికొన్నచో పాడిరైతు దినమునకు 300 గ్రాములు కోల్పోవును. సంవత్సరమునకది 109 కిలోలకు మించును. ధర లీటరునకా కిలోకా, కొలుచుట పాత్రతోనా త్రాసుతోనా యను రెండు ప్రశ్నలు అడుగగల బాలుడు తన తండ్రికి ఒక చిన్న ఆస్తియే.

వంటనూనె పాలకు విరుద్ధము, నీటికంటె తేలిక. అదియును వేడికి వ్యాకోచించును. ఒక లీటరు సోయానూనె 21 డిగ్రీల వద్ద సుమారు 919 గ్రాములును, 60 డిగ్రీల వద్ద సుమారు 893 గ్రాములును తూగును. అనగా వేడిగా నున్నపుడు కొలిచి నింపినచో లీటరు లీటరుగనే యుండియు నూనె తగ్గును. ఈ కారణముననే 2022లో కేంద్రప్రభుత్వము నూనె పొట్లములపై ఉష్ణోగ్రతను ముద్రింపక, పరిమాణముతోపాటు బరువును తెలుపవలెనని వర్తకులకు సూచించెను. పొట్లమును త్రిప్పి చూచి రెండంకెలను చదువు అలవాటు మన విద్యార్థులకు రావలెను.

ఈ సంబంధమును మరచినవారు పామరులు మాత్రమే కారు. 1983 జూలై 23న కెనడా దేశమున ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమొకటి మాంట్రియల్ నుండి ఎడ్మంటన్‌నకు బయలుదేరినది. ఆ దేశమప్పుడు పాతకొలతల నుండి మెట్రిక్ పద్ధతికి మారుచుండెను. ప్రయాణమునకు 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలెను. తొట్టులలో 7,682 లీటరులున్నట్లు కొలిచిరి. దానిని కిలోగ్రాములుగా మార్చుటకు సుమారు 0.8 చే గుణింపవలసియుండగా 1.77 చే గుణించిరి. అది లీటరునకు పౌనులు తెలుపు అంకె. వచ్చిన 13,597 పౌనులను కిలోగ్రాములని తలచి, ఇరువది వేల లీటరులు పోయవలసినచోట ఐదు వేల లీటరులైన పోయరైరి. దాదాపు 12 కిలోమీటరుల ఎత్తున యంత్రములు రెండును ఆగిపోయినవి. విమానాధిపతి రాబర్ట్ పియర్సన్‌నకు యంత్రము లేని గ్లైడరులను నడిపిన అనుభవముండుటచే ఆ మహావిమానమును గాలిలో తేల్చుచు గిమ్లీ యనుచోట పాత విమానాశ్రయమున దింపెను. అందలి 69 మందియు బ్రతికిరి. ఆ లెక్క వేసినవారు విద్యావంతులు. గుణకారమును సరిగానే చేసిరి. 1.77 అనునది దేనికి దేనితోడి సంబంధమో యెవరును అడుగలేదు. లీటరు ఇంధనము కిలోకంటె బరువుగా నుండునా యను సామాన్యమైన ప్రశ్న యొకటి తోచియున్నచో ఆ తప్పు నేలమీదనే పట్టుబడెడిది. పాత్రను ఎత్తి చూచిన చేతికి ఆ ప్రశ్న తోచును.

పెద్ద కొలతలయందును ఇట్టి అజ్ఞానమే గలదు. ఘనమీటరునకు ఎన్ని లీటరులని యడిగిన, మీటరునకు నూరు సెంటీమీటరులు గనుక నూరని చెప్పువారు గలరు. పది సెంటీమీటరుల పెట్టెలు పొడవునకు పది, వెడల్పునకు పది, ఎత్తునకు పది పేర్చినచో వేయి యగునని చూచినవాడు మరల తప్పు చెప్పడు. ఘనమీటరే కిలోలీటరు. ఊరి నీటి ట్యాంకుపై 60 కె.ఎల్. అని యున్నచో అది 60,000 లీటరులు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమున పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటరుల నీరు లక్ష్యముగా పెట్టిరి. ఆ లెక్కన అట్టి ట్యాంకు ఒక్కసారి నిండిన 600 మందికి ఒక దినమునకు సరిపోవును. ఐదుగురున్న యింటికి నెలకు 15,000 లీటరులు, అనగా 15 కిలోలీటరులు. తన యింటికి రావలసినదెంతయో తెలిసినవాడే రానిదానిని గూర్చి మర్యాదగా అడుగగలడు.

చెరువులను నమ్మి బ్రతుకు సీమ మనది. వానను మిల్లీమీటరులలో చెప్పుదురు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన అది సరిగా ఒక లీటరు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటరులు గనుక 25 మిల్లీమీటరుల వాన కురిసిన ఎకరముపై లక్ష లీటరులకు మించిన నీరు పడినట్లే. పత్రికలో ఒక చిన్న అంకెగా కనబడునది చేనిమీద నూరు కిలోలీటరుల ధనము. ఈ మార్పిడి తెలిసిన బాలుడు వానను వేరొక దృష్టితో చూచును. గట్టు వేయవలెననియు, గుంట త్రవ్వవలెననియు వానికే తోచును.

మా వాదమునకు కొందరు ఆక్షేపణలు చెప్పవచ్చును. పరీక్షలో పాత్రను గూర్చి ప్రశ్న రాదుగదా యని మొదటిది. నిజమే, కాని పాత్రను చూచిన బాలుడు పరీక్షలోని ప్రశ్నకును సరిగా సమాధానము వ్రాయును. చేతిలోని ఫోను ఏ మార్పిడినైనను క్షణములో చేయునుగదా యని రెండవది. ఫోను మనమడిగినదానికే బదులు చెప్పును; చేతిలోని సీసా చుక్కల మందో సిరపో దానికి తెలియదు. 1.77 చే గుణింపుమనిన అదియును తప్పక గుణించును. పట్టికలోని నడిమి మెట్లు నిరర్థకములు గనుక వానిని విడువరాదా యని మూడవది. నిత్యజీవనమునకు మిల్లీలీటరు, లీటరు, కిలోలీటరు అను మూడు మెట్లే ముఖ్యములనియు, ఒక్కొక్క మెట్టు వేయింతలనియు మేమును ఒప్పుకొందుము. అయినను డెసీలీటరు రక్తపరీక్ష చీటిలో నేటికిని బ్రతికియున్నది. రక్తమున చక్కెర డెసీలీటరునకు 100 మిల్లీగ్రాములనిన లీటరునకు ఒక గ్రామని తెలిసికొనుట రోగికి మంచిదే. కావున పట్టిక యుండవలెను. కాని పాత్ర వెంట రావలెను.

ఇందులకు ధనము వలయునా? వలదు. ముద్రవేసిన లీటరు నీటిసీసా యొకటి, సూది లేని 5 మిల్లీలీటరుల సిరంజి యొకటి, మందుసీసాల కొలమూతలు కొన్ని, పది సెంటీమీటరుల రేకుపెట్టె యొకటి, చిన్న త్రాసొకటి. ఇవి ప్రతి పాఠశాలయందును ఒక బల్లపై నుండవలెను. ఆరవ తరగతి మొదలుకొని ప్రతి విద్యార్థియు సంవత్సరమునకొకసారియైనను తన యింటి బిందెను, చెంబును, గ్లాసును, చెంచాను కొలిచి వాని పట్టును కాగితముపై వ్రాసి తేవలెను. నీరు, పాలు, నూనె ఒక్కొక్క లీటరు తూచి బరువులను పోల్చి చూడవలెను. ఎనిమిదవ తరగతివారు ఒక మందుసీసా చీటిని, ఒక పురుగుమందు చీటిని చదివి లెక్క చేయవలెను. సీసాలు మాత్రము ఖాళీవియు, పురుగుమందు చీటి సీసానుండి వేరుచేసినదియు అయి యుండవలెను. ఉపాధ్యాయులు దీనిని అదనపు భారమని తలపరాదని ప్రార్థన. ఒక పూట నీరు పోయించిన శ్రమ ఏడాది పొడుగున తప్పులు దిద్దు శ్రమను తగ్గించును.

విద్యార్థులారా! మీరు బడిలో నేర్చిన విద్యలలో మీ తల్లిదండ్రులకు వెంటనే అక్కరకు వచ్చునవి కొన్నియే గలవు. ఈ కొలతవిద్య వానిలో నొకటి. మీ యింట బిడ్డకు మందు పోయునపుడు, మీ చేనిలో పంపు నింపునపుడు, మీ పాలు కేంద్రమున కొలుచునపుడు మీరు ప్రక్కన నిలిచి ఆ అంకెను ఒకసారి సరిచూడుడు. బిందువు తరువాత ఎన్ని స్థానములున్నవో చూచి, దేనికి దేనితో సంబంధమో అడిగి, తెలిసినదానిని వినయముతో చెప్పుడు. మా కోరిక యింతియే.